బెకెట్ నాటకాన్ని విమర్శ పుస్తకాల సాయంతో చదవడం ఎలా?

ఎంఏ ఇంగ్లిష్‌లో చేరినా, నెట్ పరీక్షకు కూర్చున్నా ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. పుస్తకం సన్నగా ఉంటుంది. ఇంగ్లిష్ కూడా తేలికే. కానీ పది పేజీలు తిప్పేసరికి తల పట్టుకుంటాం. ఒక దారి, ఒక చెట్టు, ఇద్దరు మనుషులు: వ్లాదిమీర్, ఎస్ట్రాగన్. ఒకడు కూర్చుని బూటు లాక్కుంటుంటాడు. గోడో అనే ఎవరి కోసమో ఎదురుచూస్తుంటారు, ఆయన రాడు. పరీక్షలో ఏం రాయాలన్న టెన్షన్ మొదలై, చెయ్యి గైడ్ మీదికి పోతుంది.

నేనూ అదే చేశాను. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత గైడ్ ఒకటి కొనుక్కుని, నాటకం పక్కన పెట్టి దాన్నే మొదటినుంచి చివరిదాకా చదివాను. ముందే నిర్ణయించిన అర్థమేదీ జీవితానికి లేదనే అస్తిత్వవాదం గురించి నాలుగు పేజీల సెమినార్ పేపర్ రాసుకుని వెళ్ళాను. మా మేడమ్ అంతా ఓపిగ్గా విని ఒకే ఒక ప్రశ్న వేశారు: "నాటకం ముగిసేసరికి వ్లాదిమీర్ తల మీద ఎవరి టోపీ ఉంటుంది?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న ఎంత పెద్దదో తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

విమర్శ పుస్తకాలు వద్దని నేను చెప్పను. బెకెట్ విషయంలో అవి లేకుండా చాలా సంగతులు మనకు అందవు. కాకపోతే వాటిని ఎప్పుడు తెరవాలి, తెరిచాక ఏం చేయాలి అన్నదానికి ఒక పద్ధతి ఉంది. నేను ఇప్పటికీ పాటించే పద్ధతి ఇది.

ముందు నాటకం, అదీ పైకి

గైడ్‌ను బీరువాలో పెట్టేయండి. నాటకాన్ని ఒక్క బిగిన, ఎక్కడా ఆగకుండా చదవండి. అర్థం కానిచోట పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకు పోండి. రెండోసారి మాత్రం ఒంటరిగా చదవొద్దు. స్నేహితుణ్ణో, చెల్లెల్నో కూర్చోబెట్టుకుని ఇద్దరూ చెరో పాత్ర పైకి చదవండి. 'మౌనం' అని రాసి ఉన్నచోట మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి అప్పుడు తర్వాతి మాట అనండి. కంటితో చదివేటప్పుడు ఆ మౌనాలను దాటేస్తాం. పైకి చదివితే ఆ ఐదు అంకెలు ఎంత పొడుగో తెలుస్తుంది. ఆ ఇద్దరూ ఎందుకంత గాభరాగా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి మాట దగ్గరే కాసేపు ఆగండి. ఎస్ట్రాగన్ బూటు ఊడక, అలసిపోయి, "చేసేదేం లేదు" అంటాడు. అతను అన్నది బూటు గురించి. అప్పుడే వచ్చిన వ్లాదిమీర్ దాన్ని జీవితం గురించిన మాటగా తీసుకుని, తనకూ ఇప్పుడిప్పుడే అలాగే అనిపిస్తోందంటాడు. చాలా గైడ్‌లు ఈ మాటను నాటకం మొత్తానికి తాత్పర్యంగా చూపిస్తాయి. అలా చూపించడం తప్పు కాదు. కానీ బూటును వేదాంతంగా మార్చినవాడు మొదట వ్లాదిమీరే అని గమనించినవాళ్ళకి, విమర్శకులు చేసే పని నాటకం లోపలే మొదలైందని తెలుస్తుంది.

మూడు టోపీల అభ్యాసం

రెండో అంకంలో టోపీలు మార్చుకునే ఘట్టం ఉంటుంది. రంగసూచనలో, అంటే నటులు ఏం చేయాలో రచయిత రాసిన చోట, అది ఒక పేరా మాత్రమే. చదువుతూ పోతే విసుగ్గా ఉంటుంది. అందుకే చదవొద్దు, చేయండి. ఇంట్లో ఉన్న మూడు టోపీలు తీసుకోండి. టోపీలు లేకపోతే మూడు రంగుల తువ్వాళ్ళైనా సరే. ఒకటి వ్లాదిమీర్‌ది, ఒకటి ఎస్ట్రాగన్‌ది, మూడోది లక్కీది. పోజో అనే యజమాని మెడకు తాడు కట్టి ఆ దారిన తోలుకొచ్చే నౌకరు లక్కీ. మొదటి అంకంలో లక్కీ ఆగకుండా మాట్లాడుతుంటే నోరు మూయించడానికి వ్లాదిమీర్ అతని టోపీ లాగేస్తాడు. పోజో దాన్ని లాక్కుని కాళ్ళతో తొక్కి, ఇక వీడి ఆలోచన అయిపోయినట్టే అంటాడు. ఆ టోపీ అక్కడే పడి ఉంటుంది. లక్కీకి టోపీ లేకపోతే ఆలోచన రాదన్న సంగతి అప్పటికే మనకు చెప్పి ఉంచారు.

ఇప్పుడు రంగసూచన ఒకరు పైకి చదువుతుంటే ఇద్దరు చేతులు కదపండి. రెండు మూడుసార్లు తప్పు పోతుంది, మళ్ళీ మొదలుపెట్టండి. అంతా సరిగ్గా చేస్తే చివరికి ఎస్ట్రాగన్ తల మీద అతని టోపీయే ఉంటుంది. వ్లాదిమీర్ తన టోపీని నేల మీదికి విసిరేస్తాడు. అతని తల మీద మిగిలింది లక్కీ టోపీ.

అక్కణ్ణుంచి ముందుకు చదవండి. వెంటనే వ్లాదిమీర్, మనం పోజో, లక్కీ ఆట ఆడదామంటాడు. తను లక్కీ అవుతాడు. తనను ఆలోచించమని ఆజ్ఞాపించమంటాడు. ఎస్ట్రాగన్ "ఆలోచించు, పందీ!" అని అరుస్తాడు. మౌనం. ఆ టోపీ పెట్టుకున్న వ్లాదిమీర్, "నావల్ల కాదు" అంటాడు. నాటకం ముగిసే ముందు అతను టోపీ తీసి, లోపలికి తొంగిచూసి, తడిమి, దులిపి మళ్ళీ పెట్టుకుంటాడు. మొదటి అంకం ఆరంభంలో తన టోపీతో చేసిన పనే ఇది. ఈసారి మాత్రం రంగసూచనలో బెకెట్ ఆ టోపీ లక్కీదని గుర్తు చేశాడు. మా మేడమ్ అడిగింది దీని గురించే.

గైడ్‌లు ఈ ఘట్టాన్ని మ్యూజిక్ హాల్ (పాటలు, హాస్యం కలిపిన పాతకాలపు వినోద ప్రదర్శన) హాస్యం అంటాయి, పాత హాస్య సినిమాల జంట లారెల్ హార్డీతో పోలుస్తాయి. పోలిక సరైనదే. కానీ ఎవరి టోపీ ఎవరికి మిగిలిందో మీ చేతులతో తెలుసుకున్నాక ఆ వాక్యం మీకు సగమే సరిపోతుంది. మిగతా సగం మీరు రాయగలరు.

రెండు అంకాలకు ఒక కాగితం

తెల్లకాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు మొదటి అంకం, కుడివైపు రెండో అంకం రాయండి. చెట్టు: ఎడమవైపు మోడు, కుడివైపు నాలుగైదు ఆకులు. తిండి: అక్కడ క్యారట్, ఇక్కడ ముల్లంగి, అదీ నల్లది, ఎస్ట్రాగన్‌కు నచ్చదు. పోజో: అక్కడ చూపు ఉంది, ఇక్కడ గుడ్డివాడు. లక్కీ: అక్కడ ఉపన్యాసం, ఇక్కడ మూగ. వాళ్ళిద్దరినీ కట్టిన తాడు: రెండో అంకంలో బాగా పొట్టిది. బూట్లు, చంద్రుడు, కబురు తెచ్చే పిల్లవాడు కూడా ఇలాగే రాయండి.

ఈ కాగితం ఎందుకో చెప్తాను. 1956లో ఐరిష్ విమర్శకుడు వివియన్ మెర్సియర్ 'ఐరిష్ టైమ్స్'లో రాసిన ఒక మాట ప్రతి గైడ్‌లోనూ, ప్రతి జవాబు పత్రంలోనూ కనిపిస్తుంది: ఏమీ జరగని నాటకం, అదీ రెండుసార్లు ఏమీ జరగని నాటకం. మాట చమత్కారంగా ఉంది కాబట్టి అందరూ దాన్నే పట్టుకున్నారు. కానీ అదే వాక్యంలో ఆయన, రెండో అంకం మొదటిదానికి సూక్ష్మమైన తేడాలతో వచ్చే పునరావృతి అని కూడా అన్నాడు. అది ఎవరూ రాయరు. మీ కాగితంలో ఉన్నదంతా ఆ తేడాలే. అందుకని విమర్శకుడి మాట ఎక్కడ కనబడినా ముక్కతో తృప్తిపడకుండా మొత్తం వాక్యం వెతకండి.

ఇలాంటిదే ఇంకో మాట ఉంది. మళ్ళీ ప్రయత్నించు, మళ్ళీ ఓడిపో, ఇంకాస్త బాగా ఓడిపో అనే వాక్యాన్ని పోస్టర్ల మీద వేసి, బెకెట్ నాటకంలోదని చెప్తుంటారు. అది నాటకంలోది కాదు, 1983లో వచ్చిన 'వర్స్ట్‌వర్డ్ హో' అనే చిన్న వచన రచనలోది. అక్కడ తర్వాతి వాక్యాలు ధైర్యం చెప్పేవి కావు, ఇంకా అధ్వానంగా ఓడిపోవడం వైపు వెళ్తాయి.

ఏ పుస్తకం, ఏ సంవత్సరం

ఇప్పుడు బీరువా తెరవండి. ప్రశ్న, జవాబు పద్ధతిలో ఉండే బజారు గైడ్‌ను పాఠం మొత్తం ఒకసారి గుర్తు చేసుకోవడానికి మాత్రం వాడండి. విమర్శ నేర్చుకోవాలంటే పేరున్న విమర్శకుడు రాసిన చిన్న పుస్తకం ఒకటి చాలు. జాన్ ఫ్లెచర్ రాసిన ఫేబర్ క్రిటికల్ గైడ్ 2000లో వచ్చింది. గోడో, బెకెట్ ఇతర నాటకాలైన ఎండ్‌గేమ్, క్రాప్స్ లాస్ట్ టేప్ మూడూ ఒకే పుస్తకంలో ఉంటాయి కాబట్టి మొదట చేతికి తీసుకోవడానికి నేను చెప్పేది అదే. తర్వాత వ్యాసాల సంకలనం కావాలంటే జాన్ పిల్లింగ్ సంపాదకత్వంలో 1994లో వచ్చిన కేంబ్రిడ్జ్ కంపానియన్ ఉంది. జీవితం గురించి తెలుసుకోవాలంటే 1996లో జేమ్స్ నోల్సన్ రాసిన జీవితచరిత్ర చూడండి. అది పెద్ద పుస్తకం, మొత్తం చదవనక్కర్లేదు. వెనక ఉన్న సూచికలో మీ నాటకం పేరు చూసి ఆ పేజీలే చదవండి.

పుస్తకం చేతికి రాగానే మొదట చూడాల్సింది ముద్రించిన సంవత్సరం. 1961లో రాసినవాడికి బెకెట్ ఉత్తరాలు అందుబాటులో లేవు, అవి నాలుగు సంపుటాలుగా 2009 నుంచి 2016 మధ్య వచ్చాయి. బెకెట్ 1975లో బెర్లిన్ షిల్లర్ థియేటర్‌లో గోడోకు స్వయంగా దర్శకత్వం వహించాడు. అంతకుముందు రాసినవాళ్ళకు ఆ సంగతీ తెలియదు. పాత పుస్తకం పనికిరాదని కాదు, దానికి ఏం తెలుసో ఏం తెలియదో మీకు తెలియాలి.

నాటకం ప్రతి విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. లండన్‌లో ఫేబర్ వాళ్ళు 1956లో వేసిన గోడో, అప్పట్లో నాటకాలను సెన్సార్ చేసే లార్డ్ చాంబర్లేన్ కోతలు పడిన ప్రతి. కోతలు లేని ప్రతిని వాళ్ళు 1965లో వేశారు. గోజో అనే కుటుంబం గురించి వ్లాదిమీర్ చెప్పే చోట అసలు ప్రతిలో ఆ తల్లికి సుఖరోగం, సెన్సార్ ప్రతిలో పులిపిర్లు. మీ పుస్తకం ఏదో ఈ ఒక్క చోట చూసి తేల్చుకోవచ్చు. గైడ్‌లో ఇచ్చిన పేజీ నంబర్లు మీ ప్రతికి సరిపోకపోతే గాభరా పడొద్దు. అంకం, సందర్భం రాసుకుంటే చాలు.

ఒక్కో వాదనకు ఒక్కో చీటీ

అసలు పని ఇక్కడుంది. గైడ్‌లో ఒక అధ్యాయం చదివాక పుస్తకం మూసి, ఆ విమర్శకుడు ఏమంటున్నాడో తెలుగులో ఒక్క వాక్యం రాయండి. ఇంగ్లిష్‌లో రాస్తే ఆయన మాటలే మళ్ళీ దిగుతాయి, అర్థమైందో లేదో తెలియదు. తెలుగులో రాయలేకపోతే మీకు అర్థం కాలేదన్నమాట, మళ్ళీ చదవండి. ఆ వాక్యం కింద నాటకంలో దాన్ని బలపరిచే చోటు ఒకటి, దానికి అడ్డుపడే చోటు ఒకటి రాయండి.

గోడో అంటే గాడ్, దేవుడు అన్న వాదన తీసుకుందాం. బలపరిచే చోటు: గోడోకు గడ్డం ఉందా అని అడిగితే తెల్ల గడ్డమని పిల్లవాడు చెప్తాడు. నాటకం మొదట్లోనే క్రీస్తుతో పాటు శిలువ వేసిన ఇద్దరు దొంగల కథ వస్తుంది. పిల్లవాడు మేకలు కాస్తాడు, వాడి అన్నదమ్ముడు గొర్రెలు కాస్తాడు. గోడో కొట్టేది గొర్రెలు కాసేవాణ్ణి! బైబిల్‌లో గొర్రెలు మంచివాళ్ళకు, మేకలు చెడ్డవాళ్ళకు గుర్తు కాబట్టి, అది తెలిసినవాళ్ళకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. అడ్డుపడే చోటు: బెకెట్ దీన్ని మొదట రాసింది ఫ్రెంచ్‌లో, 1948 అక్టోబర్ నుంచి 1949 జనవరి మధ్య. ఫ్రెంచ్‌లో దేవుణ్ణి 'ద్యూ' అంటారు, ఆ మాటకూ గోడోకూ పోలిక లేదు. అమెరికన్ దర్శకుడు అలన్ ష్నైడర్ గోడో ఎవరని అడిగితే, తెలిసి ఉంటే నాటకంలోనే చెప్పేవాణ్ణని బెకెట్ అన్నాడు. ఈ రెండు వైపులూ చీటీ మీద ఉంచండి. ఒకదాన్ని కొట్టేయాలని తొందరపడొద్దు. నాటకం ఆ రెండింటినీ పట్టుకుని నిలబడింది.

రెండో చీటీ అబ్సర్డ్ గురించి, అంటే మనిషి బతుక్కి అర్థం దొరకదన్న ఆలోచన గురించి రాయండి. మార్టిన్ ఎస్లిన్ 1961లో 'ది థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్' రాశాడు. అది మొదలయ్యే తీరు గొప్పగా ఉంటుంది: 1957 నవంబర్ 19న కాలిఫోర్నియాలోని సాన్ క్వెంటిన్ జైల్లో సుమారు 1400 మంది ఖైదీల ముందు ఈ నాటకం ఆడారు. చదువుకున్న ప్రేక్షకులు తికమకపడ్డ నాటకం ఖైదీలకు ఇట్టే అర్థమైంది, ఎదురుచూపు అంటే ఏమిటో వాళ్ళకి తెలుసు కాబట్టి. ఎస్లిన్ ఫ్రెంచ్ రచయిత కామూ ఆలోచనను తీసుకుని ఈ పేరు పెట్టాడు. కానీ ఈ రచయితలంతా ఒక బృందంగా ఏర్పడినవాళ్ళు కాదని ఆ పుస్తకంలోనే చెప్పాడు. మన జవాబుల్లో మాత్రం "బెకెట్ అబ్సర్డ్ ఉద్యమానికి చెందినవాడు" అని నిశ్చింతగా రాసేస్తుంటాం. ఎస్లిన్ పేరు మీద ఎస్లిన్ అనని మాట రాస్తున్నాం.

ఈ నాటకంలోనే ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకునే చోటు ఉంది. ఒక్కో తిట్టూ పెరుగుతూ పోయి, ఇంగ్లిష్ ప్రతిలో ఎస్ట్రాగన్ ఆఖరి అస్త్రంగా "క్రిటిక్!" అంటాడు. వ్లాదిమీర్ ఓడిపోయి ముఖం తిప్పుకుంటాడు. విమర్శ చదివే ప్రతివాళ్ళూ ఆ పేజీ ఒకసారి చూడాలి.

ఫ్రెంచ్ రాకపోయినా ఈ ఒక్క చోటు చూడండి

ఈ నాటకానికి దేశం లేదు, కాలం లేదు, ఎక్కడైనా ఎప్పుడైనా జరగొచ్చు అని చాలా గైడ్‌లు రాస్తాయి. రెండో అంకంలో వ్లాదిమీర్ ఒక జ్ఞాపకం ఎత్తుతాడు, మనిద్దరం ద్రాక్షపళ్ళు కోశాం కదా అని. ఇంగ్లిష్ ప్రతిలో ఎవరి తోటలో అన్నది గుర్తురాదు, చిటికెలు వేస్తాడు. ఊరి పేరూ గుర్తురాదు, మళ్ళీ చిటికె. ఫ్రెంచ్ ప్రతిలో రెండు పేర్లూ ఉన్నాయి: బొనెలీ అనే ఆయన దగ్గర, రుసియాఁలో.

రుసియాఁ దక్షిణ ఫ్రాన్స్‌లో నిజంగా ఉన్న ఊరు. బెకెట్ పారిస్‌లో నాజీలకు వ్యతిరేకంగా పనిచేసిన రహస్య బృందంలో ఉన్నాడు. 1942 ఆగస్టులో ద్రోహం జరిగి ఆ బృందంలోవాళ్ళు అరెస్టయ్యారు. బెకెట్, అతని సహచరి సుజాన్ తప్పించుకుని ఆ ఊరు చేరి, జర్మన్ సేనలు ఆ ప్రాంతం వదిలి వెళ్ళేదాకా తలదాచుకున్నారు. అక్కడ రైతుల దగ్గర పొలం పని చేశాడు. బొనెలీ అలాంటి ఒక రైతు.

ఇది చదివాక ఎదురుచూపు, రాత్రి పడుకున్నచోట ఎవరో వచ్చి కొట్టడం, రేపు రమ్మని పిల్లవాడితో వచ్చే కబురు, ఇవన్నీ వేరేగా వినిపిస్తాయి. అలాగని నాటకం మొత్తం యుద్ధం గురించేనని తేల్చేయకండి. ఎందుకంటే ఇంగ్లిష్‌లోకి తెచ్చింది కూడా బెకెట్టే. ఆ పేర్లు తీసేసి, వాటి స్థానంలో చిటికెలు పెట్టింది ఆయనే. ఎందుకు తీశాడు అన్నది పరిశోధన చేసేవాళ్ళకు మంచి ప్రశ్న, ఎంఏ ప్రాజెక్టుకు సరిపోతుంది. 'రెండు అంకాల విషాద హాస్య నాటకం' అన్న ఉపశీర్షిక కూడా ఇంగ్లిష్ ప్రతిలోనే ఉంది.

మిగతా నాటకాలకు

ఎండ్‌గేమ్ మీద జర్మన్ తత్వవేత్త అడోర్నో రాసిన వ్యాసం చాలా పేరున్నది, చాలా కష్టమైనది కూడా. దాన్ని మొదట చదివితే ధైర్యం పోతుంది. ఆఖరున ఉంచండి. క్రాప్స్ లాస్ట్ టేప్ చదివేటప్పుడు మాత్రం గైడ్ తెరిచే ముందు ఒక గీత గీసి వయసులు గుర్తుపెట్టండి. తన పాత టేపు వినే క్రాప్‌కు 69 ఏళ్ళు. టేపులో మాట్లాడే క్రాప్‌కు 39. ఆ 39 ఏళ్ళవాడు తన ఇరవైల నాటి ఇంకో టేపు విని నవ్వుతుంటాడు. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో, నవ్వు ఎక్కడ ఆగిపోతుందో ఆ గీత మీద రాసుకుంటే నాటకంలో సగం చేతికి వచ్చినట్టే.

జవాబు రాసేటప్పుడు

ఒక పేరాలో ఒక విమర్శకుడి పేరు చాలు. ఆయన ఏమన్నాడో ఒక వాక్యం, నాటకంలోంచి మీ సాక్ష్యం రెండు మూడు వాక్యాలు. పేర్ల వరస పేర్చిన జవాబు చదువుతుంటే ఎంతమంది పేర్లు తెలుసో తెలుస్తుంది కానీ నాటకం చదివారో లేదో తెలియదు. కచ్చితంగా గుర్తులేని వాక్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టకండి, భావం మీ మాటల్లో రాయండి.

జవాబుకు ముగింపుగా చాలామంది చివరి రంగసూచన రాస్తారు: వెళ్దామంటారు, కదలరు. దానికి కొద్ది ముందు ఏం జరిగిందో కూడా చూసి రాయండి. ఉరి వేసుకోవడానికి తాడు లేక ఎస్ట్రాగన్ ప్యాంటుకు కట్టుకున్న తాడు విప్పుతాడు. ప్యాంటు జారి కాళ్ళ దగ్గర పడుతుంది. తాడు ఇద్దరూ చెరోవైపు లాగితే తెగిపోతుంది. ప్యాంటు పైకి లాక్కోమని వ్లాదిమీర్ మూడుసార్లు చెప్పాలి. ఆ తర్వాతే ఆ ప్రఖ్యాతమైన చివరి మాటలు. 1953 జనవరి 5న పారిస్‌లో బాబిలోన్ థియేటర్‌లో మొదటి ప్రదర్శన జరిగింది. ఎస్ట్రాగన్ వేషం వేసిన నటుడు ప్యాంటు పూర్తిగా జారనివ్వడం లేదని తెలిసి, నాలుగు రోజుల తర్వాత బెకెట్ దర్శకుడు రోజే బ్లాఁకు ఉత్తరం రాశాడు. సగంలో ఆగకూడదు, చీలమండల దాకా పడాల్సిందే అని పట్టుబట్టాడు.

మీ దగ్గరున్న గైడ్‌లో చివరి ఘట్టం గురించిన పేజీ తీయండి. అక్కడ ప్యాంటు మాట ఉందేమో వెతకండి. లేకపోతే పెన్సిల్ తీసుకుని మార్జిన్‌లో మీరే రాసి పెట్టుకోండి.